తీసి దాచుకునే బండి బోర్డు: ఏ మెటీరియల్ తీసుకోవాలి, ఎలా బిగించాలి

పగలంతా ఏసీ రిపేర్లకు తిరిగే కారే సాయంత్రం పిల్లల్ని ట్యూషన్ నుంచి తీసుకొస్తుంది, ఆదివారం పెళ్ళికి తీసుకెళ్తుంది. ఇంటికీ వ్యాపారానికీ ఒకటే బండి అయినప్పుడు డోర్ల నిండా పర్మనెంట్ స్టిక్కర్ వేయించడానికి చాలామందికి మనసొప్పదు. అద్దె బండి అయితే ఓనర్ ఒప్పుకోడు. రెండు మూడేళ్ళలో అమ్మేద్దామనుకుంటే స్టిక్కర్ మచ్చ చూసి కొనేవాళ్ళు రేటు తగ్గిస్తారు. ఇలాంటి వాళ్ళకు కావాల్సింది పొద్దున తగిలించి రాత్రికి తీసేసే బోర్డు.

అలాంటి బోర్డు కోసం స్టిక్కర్ షాపుకు వెళ్తే ముందు వినిపించే మాట "సైజు ఎంత, డిజైన్ తెచ్చారా?" అని. డబ్బంతా ప్రింటు మీద పెట్టి, బిగింపు సంగతి చివర్లో "ఏదో ఒక టేపు వేసేద్దాంలే" అనుకోవడం ఎక్కువగా జరిగే పని. నేను చెప్పేది దీనికి తలకిందులు. ముందు బండి బాడీ చూడండి. తర్వాత బిగించే పద్ధతి తేల్చుకోండి. ఆ పద్ధతికి సరిపోయే మెటీరియల్ తీసుకోండి. డిజైన్ అన్నింటికన్నా చివర. డిజైన్ బాగాలేకపోతే ఒకరిద్దరు కస్టమర్లు పోతారు, అంతే. హైవే మీద ఊడిన బోర్డు మాత్రం వెనకాల బైకు మీద వస్తున్న మనిషికి తగులుతుంది.

ముందు బండి చుట్టూ ఒకసారి తిరగండి

ఇంట్లో ఫ్రిజ్ మీద ఉండే చిన్న మాగ్నెట్ బొమ్మ ఒకటి పట్టుకుని బండి దగ్గరకు వెళ్ళండి. గీతలు పడకుండా దానికీ బండికీ మధ్య పలుచటి కాగితం ఒకటి పెట్టి డోర్లు, బానెట్, డిక్కీ, వెనక మడ్‌గార్డు పైభాగం, ఇలా ఒక్కొక్క చోటా పెట్టి చూడండి. మన దగ్గర తిరిగే చాలా కార్లకు, వ్యాన్లకు డోర్లు స్టీలువే కాబట్టి మాగ్నెట్ పట్టుకుంటుంది. బంపర్లు ప్లాస్టిక్‌వి, వాటికి పట్టదు. ఖరీదైన కార్లలో కొన్నింటికి బానెట్, డోర్లు అల్యూమినియంతో ఉంటాయి, వాటికీ పట్టదు. అమెరికాలో క్యాటరింగ్‌కో, ఇళ్ళ రిపేర్ పనులకో ఫోర్డ్ ఎఫ్-150 ట్రక్కు వాడుతున్న మనవాళ్ళు ఈ పరీక్ష తప్పకుండా చేయాలి. 2015 మోడల్ నుంచి దాని బాడీ అల్యూమినియంది, మాగ్నెట్ బోర్డు కొన్న డబ్బు వృథా అవుతుంది.

స్టీలు డోరులో కూడా అన్ని చోట్లా పట్టు ఒకేలా ఉండదు. ఎప్పుడైనా గుద్దుకుని డెంటింగ్, పెయింటింగ్ చేయించి ఉంటే రంగు కింద పుట్టీ మందంగా ఉంటుంది. మాగ్నెట్‌కూ స్టీలుకూ మధ్య దూరం కొంచెం పెరిగినా పట్టు చాలా తగ్గిపోతుంది. మాగ్నెట్ బొమ్మ ఒక చోట గట్టిగా అతుక్కుని, జానెడు పక్కన జారిపోతుంటే అక్కడ పుట్టీ ఉన్నట్టే. సెకండ్‌హ్యాండ్ బండి కొన్నవాళ్ళకు ఈ చిన్న పరీక్ష వల్ల బండి చరిత్ర కూడా కొంత తెలుస్తుంది.

తర్వాత చదునైన జాగా ఎంతుందో చూసుకోవాలి. టేపుతో కొలిస్తే డోరు వంపులు అర్థం కావు. పాత దినపత్రిక ఒకటి తీసుకుని డోరు మీద నాలుగు మూలలా మాస్కింగ్ టేపుతో అంటించండి. చేత్తో నిమురుతూ పోతే బాడీ మడత గీతలు, బీడింగ్, హ్యాండిల్ గుంట ఎక్కడున్నాయో కాగితం మీద తెలిసిపోతాయి. ఆ గీతల లోపలే పెన్నుతో దీర్ఘచతురస్రం గీసి కత్తిరించండి. అదే మీ బోర్డు గరిష్ఠ సైజు. చాలా కార్లలో ఇది ఒక అడుగు ఎత్తు, అడుగున్నర నుంచి రెండడుగుల పొడవు దగ్గర తేలుతుంది. ఆ కాగితాన్నే షాపుకు తీసుకెళ్ళండి. మడత గీతను దాటేలా బోర్డు వేస్తే ఆ గీత దగ్గర సందు మిగులుతుంది, ఆ సందులోకే గాలి దూరుతుంది.

ఎంత స్పీడు, ఎన్నిసార్లు తీస్తారు

గాలి ఒత్తిడి స్పీడుతో సమానంగా పెరగదు. స్పీడు రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. కారు పైన మూడడుగుల పొడవు, అడుగు ఎత్తున్న బోర్డును ఎదురుగాలికి నిలబెట్టారనుకోండి. 40 కిలోమీటర్ల వేగంలో దాని మీద దాదాపు రెండున్నర కిలోల బలం పడుతుంది. 80కి వచ్చేసరికి అది పది కిలోలు. 100 దాటితే పదహారు కిలోలకు చేరుతుంది. దీనికి తోడు ఎదురుగా లారీ దూసుకుపోయినప్పుడు గాలి ఒక్కసారిగా పక్క నుంచి కొడుతుంది. ఊళ్ళో నెలల తరబడి కదలని బోర్డు ఊరు దాటగానే ఎగిరిపోవడానికి కారణం ఇదే.

కాబట్టి మూడు ప్రశ్నలకు నిజాయితీగా సమాధానం రాసుకోండి: బోర్డుతో హైవే ఎక్కుతారా? రోజూ తీస్తారా, నెలకోసారి తీస్తారా, లేక పండక్కి మాత్రమే తీస్తారా? బండి రాత్రి ఎండా వానల్లో బయటే ఉంటుందా? రోజూ తీసేవాళ్ళకు మాగ్నెట్ షీటు మంచిది. మూడు నుంచి ఆరు నెలలు ఒకే ప్రకటన నడవాలంటే తీయగలిగే జిగురున్న స్టిక్కర్ మంచిది. బాడీ స్టీలు కాని బండికి, పెద్ద బోర్డు కావాల్సినవాళ్ళకు బండి టాప్ మీద సామాన్లు కట్టే క్యారియర్‌కు బిగించడమే దారి.

మాగ్నెట్ షీటు

ఇది రబ్బరు లాంటి పదార్థంలో ఫెర్రైట్ అనే అయస్కాంత పొడి కలిపి పలుచగా చేసే షీటు. మడత పడకుండా వంగుతుంది, కత్తెరతో తెగుతుంది. దాని మీద వినైల్ (స్టిక్కర్లకు వాడే ప్లాస్టిక్ షీటు) ప్రింటు అంటించి, పైన లామినేషన్ వేసి ఇస్తారు.

అన్నింటికన్నా ముందు అడగాల్సింది మందం. పెళ్ళి రిటర్న్ గిఫ్టుగా ఇచ్చే ఫ్రిజ్ మాగ్నెట్లకు వాడేది అర మిల్లీమీటరు, అంతకన్నా పలుచన కూడా ఉంటుంది. బండికి అది పనికిరాదు. 0.75 నుంచి 0.85 మిల్లీమీటర్ల మధ్య ఉన్నది బండ్లకు వాడేది. షాపులో "0.8 ఇవ్వండి, అంతకన్నా పలుచన వద్దు" అని స్పష్టంగా చెప్పండి. మరీ మందం కూడా మంచిది కాదు. బరువెక్కి, డోరు స్వల్ప వంపుకు తగ్గట్టు వంగదు.

రెండోది, పైన అంటించే వినైల్. చవక రకం వినైల్ ఎండకు ముడుచుకుంటుంది. అది ముడుచుకునేటప్పుడు కింద ఉన్న మాగ్నెట్‌ను కూడా లాగుతుంది, అంచులు పైకి లేస్తాయి. అంచు లేచిన మాగ్నెట్ హైవే మీద నిలవదు. పాలిమెరిక్ వినైల్ అడగండి, చవక మోనోమెరిక్ కన్నా అది తక్కువ ముడుచుకుంటుంది. ఇంకో సంగతి, సాల్వెంట్ ఇంకుతో ప్రింటు తీసిన వెంటనే లామినేషన్ వేస్తే ఇంకులోని ద్రావకం లోపలే ఉండిపోయి జిగురు పాడవుతుంది. ప్రింటు ఒక రోజు ఆరాక లామినేషన్ వేయమనండి. "సాయంత్రానికి ఇచ్చేస్తాం" అని షాపతను అంటే, "రేపు సాయంత్రం ఇచ్చినా ఫర్వాలేదు" అని మీరే చెప్పండి.

మూడోది, మూలలు. గుండ్రంగా కత్తిరించాలి, కనీసం ఒకటిన్నర సెంటీమీటర్ల వంపు ఉండాలి. చదరపు మూల గాలికి ముందు లేస్తుంది. డబ్బు లేకుండా అయ్యే ఈ పని అడగకపోతే చాలామంది చేయరు.

బోర్డు వేసే జాగా విషయంలో నా అభిప్రాయం గట్టిది: ముందు డోర్లు రెండూ, కావాలంటే డిక్కీ తలుపు. బానెట్ మీద, టాప్ మీద మాగ్నెట్ షీటు వద్దు. బానెట్ మీదకు గాలి నేరుగా వస్తుంది, కింద ఇంజన్ వేడి, పైన ఎండ. మే నెలలో రెంటచింతలలోనో, రామగుండంలోనో మధ్యాహ్నం నల్ల కారు టాప్ మీద చెయ్యి పెట్టలేం. అంత వేడికి షీటు మెత్తబడి, రంగుకు అతుక్కుపోయే ప్రమాదం ఉంది.

ఇక తగిలించే పద్ధతి:

1. డోరునూ, మాగ్నెట్ వెనక భాగాన్నీ షాంపూ నీళ్ళతో కడిగి, మెత్తటి పొడిగుడ్డతో పూర్తిగా తుడవండి. తడి మిగలకూడదు. బోర్డుకూ రంగుకూ మధ్య చిక్కుకున్న నీళ్ళు మచ్చలు వేస్తాయి, గీత పడిన చోట తుప్పు మొదలవుతుంది.

2. షీటు వెనక ఇనుప రజను ఉందేమో వేలితో తడిమి చూడండి. ఆటోనగర్ లాంటి చోట్ల, వెల్డింగ్ షాపుల ముందు బోర్డును కింద పెడితే రజను మొత్తం దానికి అంటుకుంటుంది. అలాగే డోరుకు పెడితే గరుకు కాగితంతో రుద్దినట్టు గీతలు పడతాయి. వెడల్పాటి సెల్లో టేపును అంటించి లాగితే రజను వచ్చేస్తుంది.

3. రెండు చేతులతో అంచులు పట్టుకుని, బండి ముందు వైపు ఉండే అంచును ముందుగా ఆనించండి. అక్కడి నుంచి వెనక్కి నిదానంగా పరచండి. సరిగ్గా పడకపోతే లాగి జరపొద్దు. మొత్తం తీసి మళ్ళీ పెట్టండి.

4. అరచేత్తో మధ్య నుంచి అంచుల దాకా నొక్కండి. గాలి బుడగ ఉన్నచోట చప్పుడు వేరుగా వస్తుంది. ముందు అంచు పొడవునా గోరు పెట్టి చూడండి, గోరు దూరే సందు ఉంటే ఆ జాగా పనికిరాదు.

5. మొదటి రోజు ఊళ్ళోనే నెమ్మదిగా ఒక చుట్టు తిరిగి, ఆగి చూడండి. ఏ మాత్రం కదిలినా హైవే ఎక్కొద్దు.

కొత్తగా పెయింట్ వేయించిన బండికి కనీసం 90 రోజులు మాగ్నెట్ పెట్టకండి. పైకి ఆరినట్టు కనిపించినా రంగు లోపల గట్టిపడటానికి టైం పడుతుంది. వ్యాక్స్ వేయించిన తర్వాత రెండు రోజులు ఆగండి. డోరుకు పీపీఎఫ్ (రంగును కాపాడే పారదర్శక ఫిల్మ్) వేయించి ఉంటే పట్టు కొంచెం తగ్గుతుంది, మళ్ళీ పరీక్షించుకోవాలి.

రోజూ రాత్రి తీయాలి అన్నది సలహా కాదు, ఈ పద్ధతికి అదే షరతు. వారాల తరబడి వదిలేస్తే రెండు నష్టాలు. వాన నీళ్ళు, మంచు లోపల చేరి బయటకు రావు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్ళలో ఉప్పు గాలి దీనికి తోడవుతుంది. రెండోది, చుట్టూ ఉన్న రంగు ఎండకు వెలిసి, బోర్డు కింద ఉన్న రంగు ముదురుగా మిగిలిపోతుంది. తర్వాత తీసినా ఆ దీర్ఘచతురస్రం డోరు మీద కనిపిస్తూనే ఉంటుంది. ఎరుపు, ముదురు నీలం బండ్లకు ఇది మరీ స్పష్టంగా తెలుస్తుంది. వాటర్ వాష్‌కు ఇచ్చే ముందు కూడా తీయండి, ప్రెషర్ గన్ నీళ్ళకు అంచు లేచిపోతుంది.

తీసేటప్పుడు ఒక మూల గోరుతో లాగితే షీటు విరుగుతుంది. ఒక పక్క అంచు మొత్తం వేళ్ళతో లేపి, పుస్తకం పేజీ తిప్పినట్టు తీయండి. దాచడానికి ఇంట్లో ఉన్న స్టీలు బీరువా పక్క భాగం అన్నింటికన్నా మంచి చోటు. చదునుగా ఉంటుంది, ఎండ తగలదు, పిల్లలు తొక్కరు. చుట్టి పెట్టక తప్పకపోతే ప్రింటు బయటికి వచ్చేలా, వదులుగా చుట్టండి. రెండు బోర్డుల అయస్కాంతం వైపులు ఒకదానికొకటి తగిలేలా పెట్టకండి. మధ్యలో అట్టముక్క ఉంచండి. డిక్కీలో పడేసి పైన టూల్ కిట్ పెడితే మడత పడుతుంది. మడత పడిన షీటు మళ్ళీ చదునుగా రాదు.

తీయగలిగే స్టిక్కర్

మన ఊళ్ళలో స్టిక్కర్ కటింగ్ అంటే "రేడియం" అనడం అలవాటు. ఆ షాపుల్లో ఎక్కువగా దొరికేది పర్మనెంట్ జిగురు వినైల్. ఏడాది తర్వాత తీస్తే ముక్కలు ముక్కలుగా వస్తుంది, జిగురు బాడీకే మిగిలిపోతుంది. మీరు అడగాల్సింది "రిమూవబుల్ గమ్" ఉన్న వినైల్. త్రీఎం, ఎవరీ డెన్నిసన్, ఒరాఫాల్ లాంటి కంపెనీలు రెండు రకాలూ చేస్తాయి. ఉదాహరణకు ఒరాఫాల్ వాళ్ళ ఒరాకల్ 651 పర్మనెంట్ రకం, 631 తీయగలిగే రకం. రోల్ వెనక కాగితం మీద పేరు, నంబరు ఉంటాయి, చూపించమని అడగడంలో మొహమాటం వద్దు.

తీయగలిగేదైనా ఎల్లకాలం ఉంచకూడదు. కంపెనీ ఎంత కాలం చెప్పినా, మన ఎండల్లో బయట నిలబడే బండికి ఆరు నెలల్లోపు తీయడం నా లెక్క. ఎన్నికల ప్రచారం, ఎగ్జిబిషన్, స్కూల్ అడ్మిషన్ల సీజన్, ఇలా గడువున్న పనులకు ఇది బాగా నప్పుతుంది. డోరు ప్లాస్టిక్‌ది అయినా, అల్యూమినియంది అయినా అంటుకుంటుంది. ఒక షరతు: రంగు కంపెనీ వేసినదై ఉండాలి. లోకల్‌గా వేయించిన పెయింట్ సరిగా పట్టి ఉండకపోతే స్టిక్కర్‌తో పాటు రంగు పొర కూడా లేచి వస్తుంది.

అద్దాల మీద

ఇక్కడ సౌకర్యం కన్నా ముందు చట్టం చూడాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 100వ నిబంధన ప్రకారం ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి కనీసం 50 శాతం వెలుతురు లోపలికి రావాలి. వెనక అద్దం నిండా వేసే చిల్లుల ఫిల్మ్ ఉంటుంది కదా, బయటికి ప్రింటు కనిపించి లోపలి నుంచి రోడ్డు కనిపించేది. అందులో చిల్లుల భాగం మొత్తంలో సగం, లేదా అంతకు కాస్త అటూఇటూ ఉంటుంది. అంటే 70 శాతం అసాధ్యం. షాపులో "అందరూ వేయిస్తున్నారండీ" అంటారు. చలానా కట్టేది, రివర్స్ చేసేటప్పుడు వెనక ఏముందో కనిపించక ఇబ్బంది పడేది మాత్రం మీరు.

అద్దం మీద ఏదైనా పెట్టాల్సి వస్తే వెనక అద్దం కింది మూలలో, చూపుకు అడ్డం రానంత చిన్నది పెట్టండి. దానికి స్టాటిక్ క్లింగ్ అనే రకం మంచిది. దీనికి జిగురు ఉండదు, నున్నటి అద్దానికి దానంతటదే అతుక్కుంటుంది. లోపలి వైపు నుంచి వేయాలి కాబట్టి అక్షరాలు తిప్పి ప్రింటు చేయించాలి. సబ్బు నీళ్ళు చల్లి, ఏటీఎం కార్డు లాంటి దానితో నీళ్ళు బయటికి తోసేస్తే చాలు. డీఫాగర్ (అద్దం మీది ఆవిరి పోగొట్టే వేడి తీగలు) గీతలున్న అద్దానికి ఏదీ గీకి తీయకండి, ఆ తీగలు తెగిపోతాయి.

రబ్బరు సక్షన్ కప్పులకు కట్టిన బోర్డులు బండి లోపల మాత్రమే వాడండి. ఎండలో మూసి ఉన్న కారులో కప్పు మెత్తబడి జారిపోవడం మామూలే, కాబట్టి వాటికి బరువైనది కట్టకూడదు. బండి బయట సక్షన్ కప్పు నమ్మి ఏదీ పెట్టకండి.

క్యారియర్ మీద గట్టి బోర్డు

డ్రైవింగ్ స్కూళ్ళు, పాల వ్యాన్లు, ప్రచార బండ్లకు పైన బోర్డు కావాలి. దీనికి వాడే షీట్లలో ఏసీపీ మూడు మిల్లీమీటర్లది నా మొదటి ఎంపిక. రెండు పలుచటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉండే షీటు ఇది. వానకు పాడవదు, ఎండకు వంగదు. అంచు మాత్రం కోసుకునేంత పదునుగా ఉంటుంది, చుట్టూ బీడింగ్ వేయించాలి. సన్‌బోర్డ్ తేలిక, చవక. కానీ పీవీసీ కాబట్టి తీవ్రమైన ఎండలో కుంగుతుంది, ఒకటి రెండు రోజుల కార్యక్రమానికి సరిపోతుంది. యాక్రిలిక్ అందంగా ఉంటుంది, దెబ్బ తగిలితే పెంకులై రోడ్డు మీద పడుతుంది కాబట్టి కదిలే బండి బయట వద్దు.

బోర్డును వీలైనంత వరకు ఎదురుగాలికి అడ్డంగా నిలబెట్టకండి. బండి పొడవు వెంట, పక్కలకు కనిపించేలా పెడితే గాలి బలం చాలా తగ్గుతుంది. ముందుకు కనిపించక తప్పదంటే ఎత్తు తగ్గించి వెనక్కి వాల్చండి. బిగింపు క్యారియర్ పైపులకు యూ క్లాంపులతో, నట్టు కింద వాషరు, లాక్ నట్టు వేసి చేయండి. విప్పడం సులువుగా ఉండాలంటే చేత్తో తిప్పే రెక్కల నట్లు వాడొచ్చు, కానీ అవి అదురుకు వదులవుతాయి. ప్రతి ట్రిప్పు ముందూ చూసుకోవాలి. వీటన్నింటికీ తోడు ఒక సన్నటి స్టీలు తీగ తాడు బోర్డుకూ క్యారియర్‌కూ విడిగా కట్టండి. క్లాంపు ఊడినా బోర్డు రోడ్డు మీద పడకుండా ఆ తాడు ఆపుతుంది. ఇంత చిన్న ఖర్చుకు ఇంత భద్రత ఇంకెక్కడా దొరకదు.

క్యారియర్ లేని కారుకు గుండ్రటి నియోడిమియం మాగ్నెట్లతో టాప్ బోర్డు పెట్టేవాళ్ళున్నారు. వాటి మీద రాసి ఉండే కిలోల లెక్క మందమైన ఇనుప దిమ్మె నుంచి నేరుగా పైకి లాగినప్పటిది. కారు టాప్ రేకు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, పైగా గాలి నెట్టేది పక్కకు. అసలు పట్టు ఆ అంకెలో కొద్ది భాగమే. ఊళ్ళో నెమ్మదిగా తిరిగే పనికి రబ్బరు తొడుగున్నవి నాలుగైదు వాడుకోండి, తీగ తాడు మాత్రం డోరు లోపలికి తీసుకుని కట్టండి. హైవేకు వద్దు.

ఇనుప బాడీ ఉన్న గూడ్స్ ఆటోలకు, టాటా ఏస్ లాంటి బండ్లకు పక్క తలుపుల మీద ఫ్లెక్సీ చాలు. పలుచటి చవక ఫ్లెక్సీ బదులు 440 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 440 గ్రాముల బరువు) రకం తీసుకుని, నాలుగు అంచులూ మడిచి వేడితో అతికించి, అడుగుకొక రింగు వేయించండి. నాలుగు మూలలకే కట్టి వదిలేస్తే మధ్యలో గాలి నింపుకుని కొట్టుకుంటుంది, రింగుల దగ్గరే చినుగుతుంది. కేబుల్ టైలు ఎండకు పెళుసవుతాయి, నల్లవి కొంచెం ఎక్కువ కాలం ఆగుతాయి. గాలి పోవడానికని ఫ్లెక్సీకి గాట్లు పెట్టే అలవాటు ఉంది. ఆ గాట్ల నుంచే చినుగు మొదలవుతుంది, అంతకన్నా బిగుతుగా కట్టడం మేలు.

డబుల్ టేపు, వెల్క్రో గురించి ఒక మాట. త్రీఎం వీహెచ్‌బీ లాంటి ఫోమ్ టేపులు గట్టిగా పట్టుకుంటాయి, పూర్తి పట్టు రావడానికి 72 గంటలు పడుతుంది. అంత గట్టిగా పట్టేది కాబట్టే అది తీసి పెట్టుకునే బోర్డుకు పనికిరాదు. వెల్క్రో అయితే బోర్డు తీయొచ్చు గానీ, సగం పట్టీ బండికే మిగిలి దుమ్ము పట్టి కనిపిస్తుంది. బండి లోపల డ్యాష్‌బోర్డు మీద పెట్టే చిన్న బోర్డుకు వాడుకోండి. అదీ ఎయిర్‌బ్యాగ్ మూత మీద కాకుండా.

ఎల్ బోర్డు

డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ళు చాలామంది కాగితం మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసి అంటిస్తారు. కేంద్ర నిబంధనల్లో దీనికి కొలత ఉంది. తెల్లటి నేపథ్యం ప్రతి పక్కా 18 సెంటీమీటర్లకు తగ్గకూడదు. ఎర్రటి ఎల్ అక్షరం 10 సెంటీమీటర్ల ఎత్తు, 2 సెంటీమీటర్ల మందం, అడుగున 9 సెంటీమీటర్ల వెడల్పుకు తగ్గకూడదు. ముందూ వెనకా రెండు కావాలి. ఇంట్లో నేర్చుకునేవాళ్ళు ఒకరే ఉండి మిగతావాళ్ళు లైసెన్సు ఉన్నవాళ్ళయితే మాగ్నెట్ ఎల్ బోర్డుల జత కొనుక్కోవడం తేలిక. ముందు బోర్డు బానెట్ కొస దగ్గర పెట్టొచ్చు, నేర్చుకునే స్పీడుకు, అంత చిన్న సైజుకు అది ఆగుతుంది. ప్రాక్టీసు అయిపోగానే తీసేయండి.

అక్షరాలు

దూరం నుంచి తేలిగ్గా చదవాలంటే ప్రతి పది అడుగుల దూరానికి అక్షరం ఒక అంగుళం ఎత్తు ఉండాలన్నది బోర్డులు చేసేవాళ్ళ లెక్క. ఇది ఇంగ్లీషు పెద్ద అక్షరాలకు సరిపోతుంది. తెలుగుకు ఇంకో సగం కలుపుకోవాలని నేనంటాను. "లక్ష్మీ", "శాస్త్రి" లాంటి మాటల్లో కింద వత్తులు, పైన గుడి ఉంటాయి. అసలు అక్షరానికి ఎంత ఎత్తు ఇస్తారో, మొత్తం వరుసకు దాదాపు రెట్టింపు జాగా కావాలి. వరుసలు దగ్గర చేస్తే పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీద పడి ఏదీ చదవలేం. అడుగు ఎత్తు బోర్డులో తెలుగు వరుసలు రెండే పెట్టండి: పేరు, చేసే పని. కింద ఫోన్ నంబరు ఐదు, ఐదు అంకెలుగా విడగొట్టి పెద్దగా. చేసే పనులన్నీ చిన్నక్షరాల్లో నింపితే సిగ్నల్ దగ్గర ఆగినవాళ్ళు కూడా చదవరు.

సన్నటి గీతలున్న ఫాంటు బండి మీద నిలవదు. రామభద్ర లాంటి లావు ఫాంటు ఉచితంగానే దొరుకుతుంది. ప్రింటింగ్ షాపుల్లో ఇప్పటికీ అను ఫాంట్లతో కంపోజ్ చేసేవాళ్ళు ఎక్కువ. అవి యూనికోడ్ కావు కాబట్టి మీరు వాట్సాప్‌లో పంపిన మాటలు నేరుగా అందులోకి రావు. మళ్ళీ టైపు చేస్తారు, అక్కడే వత్తులు మారతాయి. ప్రూఫ్ ఫోన్‌లో వేగంగా చూసి ఓకే అనకుండా, ఇంట్లో ఇంకొకరి చేత గట్టిగా చదివించండి. మాగ్నెట్ షీటు మీద అచ్చయ్యాక దిద్దడానికి వీలుండదు.

పసుపు మీద నలుపు, తెలుపు మీద ముదురు నీలం బాగా కనిపిస్తాయి. ఎండకు ఎరుపు, పసుపు ఇంకులు ముందు వెలుస్తాయి కాబట్టి ఫోన్ నంబరు మాత్రం నలుపులోనో ముదురు నీలంలోనో ఉంచండి.

బిగించే ముందు చూసుకోవాల్సినవి

నంబర్ ప్లేటు, లైట్లు, ఇండికేటర్లు, రిఫ్లెక్టర్లు ఏ కొంచెమూ కప్పకూడదు. బోర్డు అంచులు బాడీ దాటి బయటికి రాకూడదు. ఎల్లో ప్లేటు బండి మీద ప్రకటన వేయాలనుకుంటే ముందు ఆర్టీఏ ఆఫీసులో అనుమతి, ఫీజు సంగతి అడిగి తెలుసుకోండి. వేరేవాళ్ళ ప్రకటన మీ బండి మీద డబ్బుకు వేసుకునేటప్పుడు ఇది ఇంకా ముఖ్యం. వైట్ ప్లేటు కారుకు బోర్డు పెట్టినంత మాత్రాన కిరాయికి మనుషుల్ని ఎక్కించుకునే హక్కు రాదు. పోలీసు, ప్రభుత్వ డ్యూటీ లాంటి మాటలు, మీకు ఆ హోదా లేనప్పుడు, మాగ్నెట్ మీదైనా పెట్టకండి.

స్టిక్కర్ తీయడం, జిగురు పోగొట్టడం

స్టిక్కర్‌ను చల్లగా ఉన్నప్పుడు లాగితే చిరుగుతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో ఒక మూల వేడి చేసి, చెయ్యి పెట్టగలిగేంత వెచ్చదనంలోనే నిదానంగా లాగండి. నేరుగా బయటికి కాకుండా, స్టిక్కర్‌ను దాని మీదికే మడిచినట్టు వెనక్కి లాగితే జిగురు తక్కువ మిగులుతుంది. ఉదయం ఎండలో గంటసేపు నిలబెట్టిన బండికి డ్రయ్యర్ అవసరం కూడా ఉండదు.

మిగిలిన జిగురుకు నీలగిరి తైలం గుడ్డకు పట్టించి కాసేపు నానబెట్టి తుడవండి. కొబ్బరినూనె కూడా పనిచేస్తుంది, కాకపోతే ఎక్కువసేపు ఉంచాలి. మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో చివరగా తుడిస్తే జిడ్డు పోతుంది. తర్వాత షాంపూ నీళ్ళతో కడిగేయండి. థిన్నర్, గోళ్ళ రంగు తీసే ద్రవం రంగును కరిగిస్తాయి, వాటిని దగ్గరికి రానివ్వకండి. బ్లేడుతో గీకడం అసలే వద్దు.

మాగ్నెట్ బోర్డును నెలకోసారి వెలుతురులో వంచి చూడండి. వెనక సన్నటి పగుళ్ళు కనిపించినా, అంచు చదునుగా పరిచినప్పుడు పైకి లేస్తున్నా, లామినేషన్ మూల ఊడినా దాని పని అయిపోయినట్టే. టేపు వేసి ఇంకో నెల లాగొద్దు. మంచిగా ఉన్న భాగాన్ని ముక్కలుగా కత్తిరించి, ఇంట్లో ఫ్రిజ్ మీద కరెంటు బిల్లు, గ్యాస్ రసీదు పెట్టుకోవడానికి వాడుకోండి. బండికి కొత్తది చేయించండి. పాత దినపత్రిక టెంప్లేట్ దాచుకుని ఉంటే మళ్ళీ కొలవాల్సిన పని లేదు.